సూపర్‌మ్యాన్ తొలి కథలు కొనాలంటే ఏ ఎడిషన్? గోల్డెన్ ఏజ్ కామిక్స్ పునర్ముద్రణలపై సమీక్ష

1938 జూన్ తేదీతో వచ్చిన యాక్షన్ కామిక్స్ మొదటి సంచికలో సూపర్‌మ్యాన్ కథ పదమూడు పేజీలే. ఆ పదమూడు పేజీల్ని ప్రచురణ సంస్థ డీసీ 1989 నుంచి ఐదు సిరీస్‌లలో పుస్తకంగా వేసింది: ఆర్కైవ్ ఎడిషన్స్, క్రానికల్స్, గోల్డెన్ ఏజ్ ఓమ్నిబస్, గోల్డెన్ ఏజ్ పేపర్‌బ్యాక్, 2024 నవంబరులో మొదలైన డీసీ ఫైనెస్ట్. అదే డీసీ చేతిలో ఉన్న తొలి ఫ్లాష్, జే గారిక్ సంగతి చూడండి. ఫ్లాష్ కామిక్స్ 1940 నుంచి 1949 దాకా 104 సంచికలు నడిచింది. ఆర్కైవ్స్‌లో రెండు సంపుటాలు వేసి, 24వ సంచిక దగ్గర ఆపేశారు. గోల్డెన్ ఏజ్ అని పిలిచే ఆ తొలికాలపు సూపర్‌హీరో కామిక్స్‌ని ప్రేమించేవాళ్ల అసలు బాధ ఇదే. మొదటి సంపుటం ఎప్పుడు కావాలన్నా దొరుకుతుంది, మూడోదే దొరకదు. కాబట్టి ఏ సిరీస్ కొనాలో తేల్చుకునే ముందు ఆ సిరీస్ ఎక్కడిదాకా వెళ్లింది, ఎక్కడ ఆగింది అన్నది చూసుకోవాలి. అట్ట ఎంత అందంగా ఉందన్నది ఆ తర్వాతి మాట.

ముందు సూపర్‌మ్యాన్‌నే తీసుకుందాం, ఎక్కువమంది మొదలుపెట్టేది అక్కడే కాబట్టి.

ఆర్కైవ్స్ హార్డ్‌కవర్లు. మంచి కాగితం, కుట్టు బైండింగ్, మొదట్లో ధర 39.95 డాలర్లు, తర్వాత 49.95, చివరికి 59.99 దాకా వెళ్లింది. 2014లో సిరీస్ ఆగిపోయింది. వీటిలో ఒక చిక్కుంది. సంపుటాల్ని పత్రిక పేరు ప్రకారం విడగొట్టారు. సూపర్‌మ్యాన్ ఆర్కైవ్స్ మొదటి సంపుటంలో సూపర్‌మ్యాన్ పత్రిక 1 నుంచి 4 సంచికలు ఉంటాయి. యాక్షన్ కామిక్స్ ఆర్కైవ్స్ మొదటి సంపుటంలో 1వ సంచిక, ఆ వెంటనే 7 నుంచి 20 ఉంటాయి. మధ్యలో 2 నుంచి 6 ఏవి అంటారా? ఆ కథల్ని సూపర్‌మ్యాన్ పత్రిక మళ్లీ వేసుకుంది కనుక అవి మొదటి పుస్తకంలో ఉన్నాయి. అంటే రెండేళ్ల కథల్ని వరుసలో చదవాలంటే రెండు హార్డ్‌కవర్లు పక్కపక్కన పెట్టుకుని అటూ ఇటూ తిప్పాలి. రెండూ కలిపితే ఖర్చు కూడా రెట్టింపు.

క్రానికల్స్ ఈ చిక్కు తీర్చింది. ఏ పత్రికలో వచ్చినా సరే, వెలువడిన వరుసలోనే కథలు వేసింది. సూపర్‌మ్యాన్ మొదటి సంపుటంలో యాక్షన్ కామిక్స్ 1 నుంచి 13, న్యూయార్క్ వరల్డ్స్ ఫెయిర్ కామిక్స్ మొదటి సంచికలోని కథ, సూపర్‌మ్యాన్ పత్రిక మొదటి సంచిక ఉంటాయి. ధర 14.99 డాలర్లు, మెరుపులేని కాగితం, చేతిలో ఇమిడే బరువు. బ్యాట్‌మ్యాన్ పదకొండు సంపుటాలు, సూపర్‌మ్యాన్ పది వచ్చాక 2013 ప్రాంతంలో ఆగిపోయాయి. పాత పుస్తకాల దగ్గర ఇవి కంటపడితే, పేజీలు ఊడకుండా ఉంటే, ఆలోచించకుండా తీసుకోండి. చదువుకోవడానికి ఇంతకంటే హాయైన ఎడిషన్ ఇప్పటికీ రాలేదన్నది నా అభిప్రాయం.

2016లో వచ్చిన గోల్డెన్ ఏజ్ పేపర్‌బ్యాక్ క్రానికల్స్ పద్ధతినే లావుపాటి పుస్తకంగా చేసింది. సూపర్‌మ్యాన్ మొదటి సంపుటంలో యాక్షన్ 1 నుంచి 19, సూపర్‌మ్యాన్ 1 నుంచి 3, వరల్డ్స్ ఫెయిర్ కథ. బ్యాట్‌మ్యాన్ మొదటి సంపుటంలో డిటెక్టివ్ కామిక్స్ 27 నుంచి 45, బ్యాట్‌మ్యాన్ పత్రిక 1 నుంచి 3, వరల్డ్స్ ఫెయిర్ రెండో సంచిక కథ. ప్రచురణ ధర 19.99 డాలర్లు. డీసీ ఫైనెస్ట్ సూపర్‌మ్యాన్ పుస్తకం, 'ది ఫస్ట్ సూపర్‌హీరో', ఇంకాస్త ముందుకెళ్లి యాక్షన్ 1 నుంచి 25, సూపర్‌మ్యాన్ 1 నుంచి 5 దాకా ఒకే పేపర్‌బ్యాక్‌లో ఇస్తుంది. 39.99 డాలర్లకు దాదాపు ఆరువందల పేజీలు.  ధరను బట్టి కాక, ఎంత లావు పుస్తకాన్ని చేత్తో పట్టుకుని చదవగలరో దాన్ని బట్టి ఎంచుకోండి. ఆరువందల పేజీల జిగురు బైండింగ్‌ని మంచం మీద పడుకుని చదవడం చేతులకు శిక్షే.

ఓమ్నిబస్ అంటే చాలా సంచికల్ని కలిపి వేసే బరువైన హార్డ్‌కవర్. మొదటి సంపుటం 2013లో వచ్చింది. యాక్షన్ 1 నుంచి 31, సూపర్‌మ్యాన్ 1 నుంచి 7, రెండు వరల్డ్స్ ఫెయిర్ సంచికల్లోని కథలు ఉన్నాయి. ధర 75 డాలర్లు. పైన చెప్పిన సిరీస్‌లలో 1940ల్లోకి బాగా లోతుగా వెళ్లింది ఇదే. యుద్ధకాలపు సూపర్‌మ్యాన్ కథలు, ఆ తర్వాతివి వరుసగా కావాలంటే వేరే దారి లేదు. బరువు మాత్రం రెండు మూడు కిలోలు. బల్ల మీద పెట్టి చదవాల్సిందే.

ఏ ఎడిషన్ కొన్నా, విషయసూచికలో ఒకటి తప్పకుండా చూడాలి: సూపర్‌మ్యాన్ పత్రిక మొదటి సంచికలో కొత్తగా చేర్చిన పేజీలు ఉన్నాయా లేవా అని. సూపర్‌మ్యాన్ సృష్టికర్తలు జెర్రీ సీగెల్, జో షుస్టర్ ఈ కథను మొదట వార్తాపత్రికల కోసం రోజువారీ స్ట్రిప్‌గా గీశారు. యాక్షన్ కామిక్స్ కోసం ఆ గడుల్ని కత్తిరించి పేజీలుగా అతికించారు. పదమూడు పేజీల్లో సరిపెట్టడానికి కథ మొదటి భాగం తీసేశారు. అందుకే మొదటి సంచిక మాత్రమే చదివితే కథ మధ్యలో ఊడిపడినట్టు ఉంటుంది. ఒక పేజీలో పుట్టుపూర్వోత్తరాలు చెప్పేసి, చీమ తన బరువుకు వందల రెట్లు మోస్తుంది, మిడత ఎగిరే దూరం మనిషి లెక్కలో వీధులకు వీధులు దాటుతుంది అని ఒక శాస్త్రీయ వివరణ ఇస్తారు. పేజీ తిప్పగానే చేతులు కట్టేసిన ఒక స్త్రీని చంకలో పెట్టుకుని, చీకట్లో గవర్నర్ ఇంటివైపు దూసుకెళ్తున్న సూపర్‌మ్యాన్. ఆమె ఎవరు, నేరం ఆమెదేనని ఇతనికి ఎలా తెలిసింది అన్నది అక్కడ ఉండదు. 1939 వేసవిలో సూపర్‌మ్యాన్ పత్రిక పెట్టినప్పుడు ఆ ముందు భాగాన్ని నాలుగు పేజీలుగా చేర్చి, పుట్టుకథను రెండు పేజీలకు పెంచారు. ఈ ఆరు పేజీలు ఉంటేనే తొలి కథ పూర్తి అయినట్టు. పైన చెప్పిన క్రానికల్స్, పేపర్‌బ్యాక్, ఓమ్నిబస్, ఫైనెస్ట్‌లలో సూపర్‌మ్యాన్ మొదటి సంచిక సరుకు ఉంది. 'గొప్ప కథల సంకలనం' అని అన్ని దశాబ్దాల నుంచీ తలా ఒకటి ఏరి వేసే పుస్తకాల్లోనే ఇది సాధారణంగా ఎగిరిపోతుంది.

ఇక అచ్చు సంగతి. ఇక్కడ కొంచెం నిదానించాలి, ఎందుకంటే ఇంటర్నెట్‌లో 'రంగులు బాగున్నాయి, రంగులు బాలేవు' అని కొట్టుకునేవాళ్లలో చాలామంది కారణం చెప్పరు.

ఆ రోజుల్లో గీసిన అసలు బొమ్మలు దాదాపుగా మిగల్లేదు. అచ్చు అయిపోయాక పారేశారు, చింపేశారు. మొదటి ఏళ్ల సంచికలకు ఫిలిం నెగెటివ్‌లు కూడా అరుదు. కాబట్టి పునర్ముద్రణకు ఆధారం ఆనాడు పది సెంట్లకు అమ్మిన న్యూస్‌ప్రింట్ సంచికే. దానిమీద నల్లగీత, మూడు రంగుల చుక్కలు, పసుపెక్కిన కాగితం, వెనక పేజీ నుంచి ఊరిన సిరా, నాలుగూ కలిసిపోయి ఉంటాయి. నల్లగీత ఒక్కదాన్నీ బయటికి తీయడమే పని. కంప్యూటర్లు రాకముందు గ్రెగ్ థీక్‌స్టన్ అనే ఆయన రసాయనాలతో రంగుల్ని పోగొట్టి నలుపును మాత్రమే మిగిల్చే పద్ధతి కనిపెట్టాడు. అభిమానులు దానికి ఆయన పేరే పెట్టి థీక్‌స్టనైజింగ్ అన్నారు. ఫలితం చక్కగా వచ్చేది కానీ, పేజీలు విడదీసి రసాయనంలో ముంచిన సంచిక మళ్లీ సంచికగా మిగలదు. ఇప్పుడు ఎక్కువగా స్కానింగే. పేజీ వెనక నల్ల కాగితం పెట్టి స్కాన్ చేస్తే వెనకవైపు బొమ్మ ఊరడం తగ్గుతుంది. తర్వాత రంగుల్ని వేరుచేసి, నలుపు ఎక్కడ మొదలవ్వాలో హద్దు పెడతారు. తప్పులు జరిగేది సరిగ్గా ఇక్కడే. హద్దు ఒకవైపు జరిగితే గీతలు లావెక్కి ముద్దవుతాయి, రెండోవైపు జరిగితే సన్నగీతలు తెగిపోతాయి. గీత మరీ పాడైతే కొందరు దానిమీద కొత్తగా గీసేస్తారు. అప్పుడు మీరు చూసేది షుస్టర్ చెయ్యి కాదు, ఎవరిదో నకలు.

పుస్తకం చేతిలో ఉన్నప్పుడు దీన్ని పట్టుకోవడం తేలికే. బొమ్మ కన్నా ముందు బెలూన్‌లలోని అక్షరాలు చూడండి. ఏ, బీ, ఆర్ లాంటి ఇంగ్లిష్ పెద్దక్షరాల లోపలి ఖాళీలు నిండిపోయి ఉంటే నలుపు హద్దు ఎక్కువ పెట్టారని అర్థం. ఆ తర్వాత దూరంగా చిన్నగా గీసిన ముఖాలు చూడండి. షుస్టర్ రెండు చుక్కలు, ఒక గీతతో కళ్లు గీసేవాడు, సరిగా చేయకపోతే అవే మొదట మాయమవుతాయి. చివరిగా సూపర్‌మ్యాన్ ఛాతీ మీది గుర్తు. తొలి సంచికల్లో అది చిన్న పోలీసు బ్యాడ్జీలా, ఒక్కో బొమ్మలో ఒక్కోలా ఉంటుంది. అన్ని బొమ్మల్లోనూ ఒకేలా, నీటుగా కనిపిస్తే ఎవరో సవరించారనే.

రంగుల దగ్గరికొస్తే, తప్పంతా రంగులు వేసినవాళ్లదే అనుకోవడం పొరపాటు. కాగితానికీ అందులో వాటా ఉంది. న్యూస్‌ప్రింట్ కొంచెం బూడిదరంగులో ఉండి సిరాను పీల్చుకుంటుంది. ఆ కాగితం మీద నిండు పసుపు, నిండు ఎరుపు కూడా మెత్తగా కనిపించేవి. అవే శాతాల్ని తెల్లటి మెరుపు కాగితం మీద వేస్తే కళ్లలో పొడుస్తాయి. ఒకసారి శుభ్రం చేసిన ఫైళ్లనే ఆ తర్వాతి సిరీస్‌లలో వాడుకోవడం ప్రచురణకర్తలకు మామూలే కాబట్టి, ఒకే పేజీ ఒక పుస్తకంలో అరుస్తున్నట్టు, ఇంకోదానిలో కుదురుగా ఉన్నట్టు కనిపించడానికి చాలాసార్లు కాగితమే కారణం. అందుకే గోల్డెన్ ఏజ్ కథలకు మెరుపులేని కాగితమే సరైనదని గట్టిగా చెబుతాను. ఖరీదైన పుస్తకమంటే మెరుపు కాగితం అనే లెక్క ఇక్కడ పనికిరాదు. ఇక రంగుల్లో ఛాయలు కలిపి, బుగ్గలు గుండ్రంగా ఉబ్బినట్టు నీడలేసే కొత్త పద్ధతి ఎక్కడైనా కనిపిస్తే ఆ పుస్తకం పక్కన పెట్టేయండి. సమతలమైన నాలుగు రంగుల కోసం గీసిన బొమ్మ అది.

మార్వెల్ విషయంలో కథ వేరు. అప్పుడు ఆ సంస్థ పేరు టైమ్‌లీ. 1939 అక్టోబరు తేదీతో మార్వెల్ కామిక్స్ మొదటి సంచిక, అందులో కార్ల్ బర్గోస్ హ్యూమన్ టార్చ్, బిల్ ఎవరెట్ సబ్‌మెరైనర్. గోల్డెన్ ఏజ్ మాస్టర్‌వర్క్స్ 2004లో మొదలైంది. దీనిలో నాకు బాగా నచ్చేది ఒకటే: సంచిక మొత్తాన్ని వేస్తారు. డీసీ సంపుటాల్లో యాక్షన్ కామిక్స్ నుంచి సూపర్‌మ్యాన్ కథ మాత్రమే వస్తుంది. అదే సంచికలో ఉన్న ఇంద్రజాలికుడు జటారా, మిగతా చిల్లర శీర్షికలు ఉండవు. మార్వెల్ పుస్తకాల్లో ఏంజెల్, మాస్క్‌డ్ రెయిడర్, అడవి వీరుడు కా-జార్, రెండు పేజీల వచన కథ, అన్నీ ఉంటాయి. ఆ వచన కథ ఎందుకంటే, చవక తపాలా రేటు రావాలంటే పత్రికలో అలాంటి పేజీలు ఉండాలని ఆనాటి నిబంధన. పిల్లలు వాటిని చదవకుండానే తిప్పేసేవాళ్లు. కానీ 1941 మే తేదీతో వచ్చిన కెప్టెన్ అమెరికా కామిక్స్ మూడో సంచికలో ఆ ఖాళీ నింపడానికి రాసిన వచన కథే స్టాన్ లీ మొదటి అచ్చు రచన. కెప్టెన్ అమెరికా డాలును విసరడం మొదట కనిపించేది కూడా అందులోనే. కథను మాత్రమే ఏరి వేసే పద్ధతిలో ఇలాంటివి ఎగిరిపోతాయి.

మాస్టర్‌వర్క్స్‌లో సంపుటానికి నాలుగు సంచికలు. కెప్టెన్ అమెరికా మొదటి సంపుటంలో 1 నుంచి 4. ఆ పాత్రను సృష్టించిన జో సైమన్, జాక్ కర్బీ ఇద్దరూ కలిసి చేసినవి పది సంచికలే కాబట్టి, వాళ్ల పనంతా ఒక్కచోట కావాలంటే 1 నుంచి 12 దాకా ఉన్న ఓమ్నిబస్ మొదటి సంపుటమే సరైనది. మాస్టర్‌వర్క్స్ మూడు కొనడం కంటే అది లాభం. మార్వెల్ మిస్టరీ కామిక్స్ (మార్వెల్ కామిక్స్‌కే తర్వాత పెట్టిన పేరు) అభిమానులకు మాత్రం ఇంకా ఎదురుచూపులే. ఏడు మాస్టర్‌వర్క్స్ సంపుటాలు 28వ సంచిక దాకా తెచ్చాయి, పత్రిక 1949లో 92వ సంచికతో ముగిసింది. మిగిలిన అరవై నాలుగు సంచికల మీద ఆశ పెట్టుకున్నవాళ్లు చాలామంది. టార్చ్, సబ్‌మెరైనర్ తలపడే 1940 నాటి పోరు ఒక్కటి చాలనుకుంటే 2019లో వచ్చిన 'డికేడ్స్' సిరీస్‌లోని 1940ల పేపర్‌బ్యాక్ తీసుకోవచ్చు. ఫోలియో సొసైటీ 2019లో రాయ్ థామస్ ఎంపికతో వేసిన పెద్ద పుస్తకం బహుమతిగా ఇవ్వడానికి అందంగా ఉంటుంది కానీ వరుసగా చదివేవాళ్లకు అది దారి కాదు.

డీసీ హీరోల బృందం జస్టిస్ సొసైటీ కథలు కావాలనుకునేవాళ్లకు డీసీ ఫైనెస్ట్ నిజంగా మేలు చేసింది. 'ఫర్ అమెరికా అండ్ డెమోక్రసీ' పుస్తకంలో ఆల్ స్టార్ కామిక్స్ 3 నుంచి 12 దాకా ఉన్నాయి. 1940 చలికాలపు మూడో సంచికలో ఆ బృందం మొదటిసారి ఒక బల్ల చుట్టూ కూర్చుంటుంది. ఎనిమిదో సంచికలో వండర్ ఉమన్ తొలి ప్రవేశం. ఒక్కొక్క సభ్యుడికి ఒక్కో అధ్యాయం, ఒక్కొక్కరి చిత్రకారుడు వేరు. స్పెక్టర్, డాక్టర్ ఫేట్, శాండ్‌మ్యాన్, హాక్‌మ్యాన్ ఎవరెవరు ఎలా ఉంటారో ఒకే పుస్తకంలో పరిచయం అవుతుంది. ఈ పాత్రలకు విడిగా ఆర్కైవ్స్‌లో ఒకటి రెండు సంపుటాలకు మించి రాలేదు. హాక్‌మ్యాన్‌కి ఒకటి, స్పెక్టర్‌కి ఒకటి, డాక్టర్ ఫేట్‌కి ఒకటి, స్టార్‌మ్యాన్‌కి రెండు, గ్రీన్ లాంటర్న్‌కి రెండు. వైల్డ్‌క్యాట్, డాక్టర్ మిడ్‌నైట్ లాంటివాళ్లకు సొంత ఆర్కైవ్ అసలే లేదు. ఇప్పటికీ పాత ఆర్కైవ్స్ హార్డ్‌కవర్ కోసం వెతికి డబ్బు పెట్టడం సమంజసమైన చోటు ఇదే. సూపర్‌మ్యాన్, బ్యాట్‌మ్యాన్ ఆర్కైవ్స్‌కి కాదు. జాక్ కోల్ ప్లాస్టిక్ మ్యాన్ ఎనిమిది సంపుటాలు కూడా ఈ జాబితాలోకే వస్తాయి. ఆ రోజుల్లో హాస్యాన్నీ వేగాన్నీ అంతలా కలిపి గీసినవాడు మరొకడు లేడు.

అన్నిటికంటే పెద్ద లోటు కెప్టెన్ మార్వెల్, ఇప్పుడు షజామ్ అంటున్న పాత్ర. ఫాసెట్ సంస్థ 1940లో తెచ్చింది, సి.సి. బెక్ గీశాడు. ఒక దశలో సూపర్‌మ్యాన్ కంటే ఎక్కువ అమ్ముడైంది. సూపర్‌మ్యాన్‌కి నకలని డీసీ వేసిన దావా పుష్కరకాలం సాగి, 1953లో రాజీతో ముగిసింది, ఫాసెట్ సూపర్‌హీరో కామిక్స్ ఆపేసింది. తర్వాత హక్కులు డీసీ చేతికే వచ్చాయి. షజామ్ ఆర్కైవ్స్ నాలుగు సంపుటాల దగ్గర ఆగింది. అభిమానులు ఏళ్ల తరబడి అడుగుతున్నది 'మాన్‌స్టర్ సొసైటీ ఆఫ్ ఈవిల్'. కెప్టెన్ మార్వెల్ అడ్వెంచర్స్ 22 నుంచి 46వ సంచిక దాకా, 1943 నుంచి 1945 వరకు నడిచిన సీరియల్ అది. దుష్టుల ముఠా నాయకుడు ఎవరా అని నెలల తరబడి ఉత్కంఠలో పెట్టి, చివరికి అద్దాలు పెట్టుకున్న ఒక చిన్న పురుగును చూపిస్తుంది. 1989లో 3,000 ప్రతుల పరిమిత ఎడిషన్ వచ్చింది. ఆ తర్వాత డీసీ కొత్త హార్డ్‌కవర్‌ని ప్రకటించి రద్దు చేసింది. ఇందులో నల్లజాతివాళ్లనీ, జపనీయులనీ చూపిన తీరు ఇవాళ చూస్తే సిగ్గుపడేలా ఉంటుంది, అది నిజం. నా మాట అడిగితే, ఒక్క గడి కూడా మార్చకుండా, ముందు ఒక చరిత్రకారుడి వివరణ పెట్టి, పెద్దల కోసమని చెప్పి వేయడమే న్యాయం. తీసేసి వేసినా, అసలు వేయకపోయినా చరిత్ర దాచినట్టే అవుతుంది.

ఈ మాట షజామ్‌కే కాదు, యుద్ధకాలపు సంచికలన్నిటికీ వర్తిస్తుంది. పదేళ్ల పిల్లలకు కొనిపెట్టేముందు మీరు ఒకసారి తిరగేయండి. టైమ్‌లీ యంగ్ అలైస్‌లో వైట్‌వాష్ జోన్స్ అనే నల్లజాతి బాలుడి పాత్ర ఉంది, పేరే చెబుతుంది సంగతి. తొలి బ్యాట్‌మ్యాన్ మనుషుల్ని చంపుతాడు, తుపాకీ కూడా పడతాడు. తొలి సూపర్‌మ్యాన్ ఎగరడు, మైలులో ఎనిమిదో వంతు దూకుతాడు, భార్యను కొట్టేవాణ్ణి గోడకేసి కొడతాడు. ఇప్పటి పిల్లలకు తెలిసిన సౌమ్యుడు కాదు. నాకైతే ఆ కోపిష్టి సూపర్‌మ్యానే ఇష్టం.

బ్యాట్‌మ్యాన్ గురించి ఒక చిన్న వివరం. 1939 మే నాటి డిటెక్టివ్ కామిక్స్ 27లోని తొలి కథ ఆరు పేజీలు, రాసింది బిల్ ఫింగర్. 2015లో డీసీ ఫింగర్ పేరును సృష్టికర్తల వరుసలో చేర్చింది. అంతకుముందు అచ్చైన ప్రతుల్లో సృష్టికర్తగా బాబ్ కేన్ పేరొక్కటే కనిపిస్తుంది. ఒకే పుస్తకం పాత ముద్రణ, కొత్త ముద్రణ రెండూ దొరుకుతుంటే కొత్తదే తీసుకోండి.

ఇప్పుడు కొనడం. మన దేశంలో ఈ పుస్తకాలన్నీ దిగుమతి సరుకే. 2019 బడ్జెట్‌లో దిగుమతి పుస్తకాలపై 5 శాతం కస్టమ్స్ సుంకం పెట్టారు, దానికి రవాణా ఖర్చు తోడవుతుంది. ఓమ్నిబస్ దగ్గర బరువు వల్ల ఆ ఖర్చు మండిపోతుంది, పేపర్‌బ్యాక్ దగ్గర అంతగా తెలియదు. ఆన్‌లైన్‌లో పేరు చూసి కొనకండి. 'గోల్డెన్ ఏజ్ వాల్యూమ్ వన్' అన్నపేరు పేపర్‌బ్యాక్‌కీ ఉంది, ఓమ్నిబస్‌కీ ఉంది. అమ్మేవాళ్లు ఒకదాని అట్ట బొమ్మ పెట్టి ఇంకోటి పంపడం జరుగుతుంటుంది. ఐఎస్‌బీఎన్ నంబర్‌ని ప్రచురణకర్త పేజీలో ఉన్నదానితో సరిపోల్చుకుని, పేజీల సంఖ్య, కొలతలు కూడా చూసుకోండి. అమెరికాలో ఉండే మనవాళ్లకు ఇంకో సులువైన దారుంది: స్థానిక లైబ్రరీ కార్డుతో హూప్లా యాప్‌లో డీసీ, మార్వెల్ సంపుటాలు ఉచితంగా చదవొచ్చు. ముందు అక్కడ చదివి, కొనాలా వద్దా తేల్చుకోవచ్చు.

పెట్టె వచ్చిన రోజే తెరిచి చూడాలి, వాపసు గడువు దాటాక లాభం లేదు. మూలలు నలిగాయా అన్నది అందరూ చూస్తారు, చూడాల్సింది పేజీల కట్టలు. పుస్తకాన్ని పదహారో ముప్పై రెండో పేజీల కట్టలుగా మడిచి కుడతారు లేదా అతికిస్తారు. తప్పు జరిగితే కట్టకు కట్టే పోతుంది, లేదా రెండుసార్లు వస్తుంది, లేదా తలకిందులుగా పడుతుంది. అందుకే మొదటి నుంచి చివరిదాకా పేజీ నంబర్లు ఓసారి తిరగేయండి. బైండింగ్ కుట్టుదా జిగురుదా తెలియాలంటే వెన్ను పైభాగం నుంచి చూడండి. చిన్నచిన్న మడతల గుంపులుగా కనిపిస్తే, ఒక గుంపు నడుమ విప్పినప్పుడు దారం కనిపిస్తే, కుట్టుదే. విడి కాగితాలన్నీ ఒక దిమ్మెలా అంటుకుని ఉంటే జిగురుది. జిగురుదాన్ని పూర్తిగా వెల్లకిలా తెరవకండి, వెన్ను పగిలి మధ్య పేజీలు ఊడతాయి. కుట్టు బైండింగ్‌నైనా కొత్తలో వెన్ను బల్లకు ఆనించి, రెండు వైపుల నుంచీ కొన్నేసి పేజీలు మెల్లగా ఒత్తుకుంటూ మధ్యకు రావాలి.

విశాఖ, కాకినాడ, నెల్లూరు లాంటి తీరప్రాంతాల్లో ఉప్పగాలి తేమకు మెరుపు కాగితం పేజీలు ఒకదానికొకటి అతుక్కుంటాయి, మెరుపులేనివి అలలు తేలతాయి. పాలిథీన్ సంచిలో బిగించి పెడితే లోపలి తేమ బయటికి పోదు, బూజు పడుతుంది. గాలి ఆడే బీరువాలో, గోడకు ఆనకుండా, సిలికా జెల్ పొట్లాలతో పెట్టి, వానాకాలంలో ఆ పొట్లాలు మారుస్తూ ఉండండి. ఓమ్నిబస్‌లని నిలబెడితే బరువుకు పేజీల దిమ్మె కిందికి జారి వెన్ను దగ్గర చినుగుతుంది, పడుకోబెట్టడం మేలు.

పాత కాపీల మార్కెట్లో ఒక మోసం గురించి తెలిసుండాలి. 1974లో డీసీ 'ఫేమస్ ఫస్ట్ ఎడిషన్' పేరుతో యాక్షన్ కామిక్స్ మొదటి సంచికకు నకలు వేసింది. లోపలి అట్ట అచ్చం 1938 అట్టలాగే ఉంటుంది. పై అట్ట తీసేసి లోపలిదాన్ని అసలు సంచికని అమ్మినవాళ్లున్నారు. కొలిస్తే దొరికిపోతుంది. ఆ నకలు దాదాపు 10 అంగుళాల వెడల్పు, 13న్నర అంగుళాల ఎత్తు. అసలు సంచిక 8 అంగుళాల లోపు వెడల్పు, పదిన్నర అంగుళాల ఎత్తు మాత్రమే.

మిగతా సంపుటాలు రావాలని కోరుకునేవాళ్లు చేయగలిగిన పని ముందస్తు ఆర్డరు. పుస్తకం దుకాణంలోకి వచ్చాక కొంటే ఆ ముద్రణ అమ్ముడవుతుంది అంతే. ఎన్ని ప్రతులు వేయాలి, తర్వాతి సంపుటం పెట్టాలా వద్దా అన్న నిర్ణయాలకు లెక్కలోకి వచ్చేది దుకాణదారులు ముందుగా పంపే ఆర్డర్లే. డీసీ ఫైనెస్ట్‌లో జస్టిస్ సొసైటీ లాంటి పుస్తకానికి ఆ ఆర్డర్లు బాగుంటే ఆల్ స్టార్ కామిక్స్ 13 నుంచి మొదలయ్యే సంపుటానికి దారి పడుతుంది. 2025 జనవరిలో డైమండ్ పంపిణీ సంస్థ దివాలా పిటిషన్ వేశాక అమెరికాలో చిన్న దుకాణాల సరఫరా చాలా కుదుపులకు లోనైంది. డీసీ, మార్వెల్ పుస్తకాలు మామూలు పుస్తక దుకాణాలకు కూడా వెళ్తాయి కాబట్టి అక్కడ చెప్పి తెప్పించుకోవచ్చు.

ఇంకొందరు 2034 కోసం కాచుకున్నారు. ఆ ఏడాది జనవరి 1న యాక్షన్ కామిక్స్ మొదటి సంచిక అమెరికాలో కాపీరైట్ నుంచి బయటపడుతుంది. అక్కడి చట్టం ప్రకారం ప్రచురణ ఏడాది నుంచి 95 ఏళ్లు. బ్యాట్‌మ్యాన్, టార్చ్, సబ్‌మెరైనర్ తొలి కథలు 2035లో, వండర్ ఉమన్‌వి 2037లో. అయితే ఏ ఏటికాయేడు విడుదలయ్యేది అప్పటికి 95 ఏళ్లు నిండిన కథలే. 1938లో దూకే సూపర్‌మ్యాన్ ముందుగా వస్తాడు, ఎగిరే సూపర్‌మ్యాన్ తర్వాత ఏళ్లలో వస్తాడు. పేరు మీద, ఛాతీ గుర్తు మీద ట్రేడ్‌మార్కు హక్కులు డీసీకి ఉంటూనే ఉంటాయి, కాబట్టి అట్ట మీద ఆ పేరు పెద్దక్షరాల్లో వేసి అమ్మడం అప్పటికీ కష్టమే. లోపలి పేజీల్ని మంచి స్కాన్‌తో, మెరుపులేని కాగితం మీద, జటారాతో సహా అరవై నాలుగు పేజీల మొత్తం సంచికగా వేయడానికి మాత్రం అక్కడ ఎవరి అనుమతీ అక్కర్లేదు.